కంట్లో మసూరు గింజ

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, చదువు నాలుక మీద ఉంటుంది. రెండూ ఉండకూడని చోట్లే ఉన్నాయని మా ఆయన నాగేష్ పెళ్లయిన కొత్తలో అన్నాడు. ఆ మాటకు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ కిందటి మాఘమాసంలో ఒక గురువారం, మూడు నెలలు బతిమాలి బామాలి కంటి ఆసుపత్రికి తీసుకొచ్చిన మా అత్తగారు నా ఒక్క మాటకు ఆపరేషనే వద్దని లేచి వెళ్లిపోయినప్పుడు, ఆయన అన్నది నిజమేనని ఒప్పుకున్నాను. పైకి కాదు లెండి, మనసులోనే.

మా అత్తమ్మ పేరు అలివేలమ్మ. అరవై ఎనిమిదేళ్లు. రాయచూరు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, మాది పప్పుల దుకాణం. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది, ఇంకెవరింట్లోనూ నేను చూడలేదు. బేరం మగవాళ్లది, సరుకు చూడటం ఆడవాళ్లది. మిల్లు నుంచి కందిపప్పు వస్తే హమాలీ సుంకప్ప ఒక్కో సంచికి ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు పప్పు లాగి చాటలో పోస్తాడు. దుకాణం ముందుభాగంలో ఒక చిన్న గద్దె ఉంది. దాని మీద కూర్చుని అత్తమ్మ ఆ పప్పును అరచేత్తో పరిచి చూస్తుంది. "దించు" అంటే దించాలి. "వాపస్" అంటే లారీ ఎంత దూరం నుంచి వచ్చినా వాపసే. మా ఆయన కన్నకొడుకే, దుకాణం యజమానే, అయినా ఆ రెండు మాటలకు ఎదురు చెప్పగా నేను చూడలేదు. "అలివేలమ్మ చూసిన పప్పా?" అని అడిగి మరీ కొనేవాళ్లున్నారు ఊళ్లో.

దుకాణంలో ఇరవై రకాల పప్పుదినుసులు దొరుకుతాయి. మసూరు మాత్రం దొరకదు. అది నెత్తురు రంగులో ఉంటుందని, తింటే మాంసం తిన్నట్టేనని అత్తమ్మకు వాళ్ల అత్తగారు చెప్పిందట. వండటం, అమ్మటం మాట అటుంచి, మా గడప దాటి ఒక్క గింజ లోపలికి రాకూడదు. ఎవరైనా వచ్చి అడిగితే ఎదురు దుకాణం బసవలింగప్ప వైపు చెయ్యి చూపిస్తుంది, ఆ పేరు కూడా పలకదు. నేను గద్వాల పిల్లను. ఇక్కడి పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ పిల్లలకు, జీవశాస్త్రం చెప్తాను. మసూరులో మాంసకృత్తులు ఎక్కువన్న మాట నిజమేనని కాపురానికొచ్చిన మొదటి నెలలో ఒకసారి అన్నాను. "చూసినవా, నేనంటలేనా మాంసమని!" అన్నది అత్తమ్మ. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు నేను.

అలాంటి మనిషికి కుడికంట్లో శుక్లం పూర్తిగా ముదిరింది. ఎడమకంట్లో మొదలైంది, దానితో అన్నీ బాగానే కనబడుతున్నాయని ఆమె అంటే మేం నమ్మాం. "ఇంకో నెల దాటితే లోపల ఒత్తిడి పెరుగుతుందండీ. అప్పుడు చూపొస్తుందని నేను మాటివ్వలేను" అని డాక్టర్ సత్యభామ గారు తేల్చి చెప్పారు. ఆవిడది సింధనూరు దగ్గర గోరేబాళ. కాలువ కింద పొలాలు కొనుక్కుని వచ్చి అక్కడ స్థిరపడ్డ ఆంధ్రా కుటుంబం వాళ్లది, మాట ఇప్పటికీ అటువైపుదే.

ఆ గురువారం డాక్టరమ్మ బల్ల మీదున్న ప్లాస్టిక్ కన్నును రెండు చెక్కలుగా విప్పి చూపించారు. "ఇదిగోండమ్మా, లోపల ఈ లెన్స్ ఉంది చూశారా? మీకిది మబ్బు పట్టేసింది. దీన్ని తీసేసి కొత్తది పెట్టేస్తాం. పావుగంట పని. నొప్పుండదు."

"లెన్స్ అంటే ఏందమ్మా?" అని అడిగింది అత్తమ్మ.

డాక్టర్ని అడిగింది. నన్ను కాదు. పదిహేనేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడి నిలబడి, ఎవరు ఏ ప్రశ్న అడిగినా అది నన్నే అడిగారనుకునే రోగం నాది.

"లాటిన్‌ల లెన్స్ అంటే మసూరు పప్పు అత్తమ్మా!" అన్నాను హుషారుగా. "ఎన్నో వందల ఏండ్ల కింద అద్దాన్ని అరగదీసి, మధ్యల లావుగ, అంచుల సన్నగ చేసిన్రు. చూస్తే అచ్చం మసూరు గింజ లెక్కనే ఉంది. గందుకే ఆ పేరు పెట్టిన్రు. మసూరు చెట్టుకు గూడ సైన్సుల పేరు లెన్సే. కంట్ల ఉన్నదాన్ది గూడ గదే ఆకారం."

చెప్తూండగానే తెలిసింది పప్పులో కాలేశానని. అత్తమ్మ అప్పటికే బల్ల కింద కాళ్లతో చెప్పులు వెతుక్కుంటోంది.

"నా కంట్ల మసూరు పెడతరా?" అన్నది.

"పేరొక్కటే అత్తమ్మా! పెట్టేది మసూరు కాదు. అయినా మీరు పుట్టినప్పటి సంది మీ కంట్ల ఒకటి ఉండనే ఉన్నది గద!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే అయింది. అత్తమ్మ కుడికన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు ఎటుందో తడుముకుంటూ బయటికి నడిచింది. డాక్టరమ్మ ప్లాస్టిక్ కన్నును మూసి పక్కన పెట్టారు.

"ఏవమ్మా లెక్చరర్ గారూ, మూణ్ణెల్లు కష్టపడి మీరు కట్టిందంతా మూడు నిమిషాల్లో మీరే కూల్చేశారు కదండీ. వచ్చే నెల అయిదో తారీఖు లోపు తీసుకురండి. ఈసారి మీరు మాత్రం దయచేసి బయటే కూర్చోండి."

ఇంటికొచ్చాక రెండు రోజులు అత్తమ్మ నాతో ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు అన్నం దగ్గర మొదలుపెట్టింది.

"ఆ బసవలింగప్ప కంట్ల గూడ ఉంటదా?"

"అందరి కండ్లల్ల ఉంటది."

"ఆవు కంట్ల?"

అబద్ధం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. "ఉంటది అత్తమ్మా."

"గోమాత కంట్ల మసూరా!" చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అలా ఆగిన ఆమె చేతి మీద వయసుతో వచ్చిన గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి నాకు. "ఈ మచ్చలను గూడ డాక్టర్లు లెంటిగో అంటరు, ఇది గూడ ఆ మసూరు మాటనే. చెట్ల బెరడు మీద పొక్కులు ఉంటయి చూడండ్రి, వాటికి గూడ…" అని సగంలో నాలుక కరుచుకున్నాను. అత్తమ్మ చేతిని కొంగు కింద దాచుకుంది. నాగేష్ మజ్జిగ గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, నవ్వుతున్నాడని గ్లాసు వణకటాన్ని బట్టి తెలిసింది.

"కన్ను మసూరు, చెయ్యి మసూరు, చెట్టు మసూరు. మీ లాటినోళ్లకు దునియాల వేరే పప్పే దొరకలేదా?"

"వాళ్ల దేశంల కందులు లేకుండె అత్తమ్మా."

"కందిపప్పే లేదా?"

"లేదు."

"అయ్యో పాపం" అన్నది. కోపమంతా పక్కకు పోయి నిజంగానే జాలిపడింది. "మరి ముద్దపప్పు ఎట్ల తినేటోళ్లో, ఏమో."

ఇక నా పప్పులు ఉడకవని తెలిసి మా తమ్ముడు ఆంజనేయను పిలిపించాను. వాడు హట్టి బంగారు గనిలో రాళ్ల తీరు చూసే విభాగంలో ఉద్యోగి. మాటకారి, పైగా అత్తమ్మకు వాడంటే ముద్దు. ఆదివారం వచ్చి, రెండు దోసెలు తిని, మెల్లగా ఎత్తుకున్నాడు.

"అత్తమ్మా, మా గనిల బంగారం రాయి గూడ కొన్ని జాగల గట్లనే ఉంటది. మధ్యల దొడ్డుగ ఉండి, పోను పోను సన్నగై మాయమైతది. దాన్ని మేం లెన్సే అంటం. మరి బంగారం గూడ మసూరేనని పెట్టుకోకుండ ఉంటరా?"

మంచి దెబ్బే కొట్టాడనుకున్నాను. అత్తమ్మ తన గాజుల్ని ఒకసారి తిప్పి చూసుకుంది.

"బంగారాన్ని కరిగిచ్చి పుటం పెడతరు బిడ్డా. పుటం పెడితే ఏ మైలైనా పోతది. నా కన్నును పుటం పెడతరా?"

ఆంజనేయ మూడో దోసె అడిగాడు.

అట్లా పది రోజులు గడిచిపోయాయి. ఇంకో రెండు వారాలే ఉంది గడువు. పరీక్షల ముందు కాలేజీకి సెలవులిచ్చారు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ నేనే దుకాణానికి తీసుకెళ్తున్నాను. ఆ సోమవారం సుంకప్ప లేడు, మనవరాలి పెళ్లని కవితాళ అనే ఊరు వెళ్లాడు. మిల్లు నుంచి పప్పు వచ్చింది. వేరే హమాలీ గొట్టం గుచ్చి చాటలో పోసి ముందు పెట్టాడు. అత్తమ్మ చాట వంక చూసి, "ఇయ్యాల దినం బాగలేదు, రేపు చూస్త" అన్నది. మర్నాడు, "మబ్బు కమ్మింది, ఎల్తురు సాలదు" అన్నది. రాయచూరులో, అదీ ఎండలు మొదలైన రోజుల్లో వెలుతురు చాలకపోవడం నేనెప్పుడూ వినలేదు. లారీ డ్రైవర్ కన్నడంలో, ఉర్దూలో, తెలుగులో మూడు రకాలుగా విసుక్కున్నాడు.

బుధవారం సుంకప్ప వచ్చాడు. పావుగంటలో పని మొత్తం అయిపోయింది. నేను క్యారియర్ పట్టుకుని స్తంభం పక్కన నిలబడి చూశాను.

పాతకాలంలో గంజ్‌లో బేరాలు తువ్వాలు కింద జరిగేవి. అమ్మేవాడు, కొనేవాడు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు, పక్కవాడికి తెలియకూడదని. ఇప్పుడంతా కంప్యూటర్ టెండర్లే. సుంకప్ప చాటను అత్తమ్మ ఒళ్లో పెట్టి, దుమ్ము పడకుండా అన్నట్టు తన తువ్వాలు సగం మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టాడు. అత్తమ్మ వేళ్లు పప్పులో తిరుగుతున్నాయి. కళ్లు మాత్రం ఎదురుగోడ మీద ఉన్నాయి. తువ్వాలు కొంచెం కదిలింది. "దించు" అన్నది. ఇంకో సంచి. "దించు." మూడోదానికి తువ్వాలు రెండుసార్లు కదిలింది.

"వాపస్. రంగు జూడు, ఎట్ల పాలిపోయిందో" అన్నది అత్తమ్మ, గోడను చూస్తూ.

పని ముగిశాక సుంకప్పను నీళ్లకుండ దగ్గర పట్టుకున్నాను. "ఎన్ని దినాల సంది?"

"దసరా సంది, చిన్నమ్మా" అన్నాడు తల వంచుకుని. "తడి, గట్టిదనం, నూక, పుచ్చు అన్నీ సావుకారమ్మనే చేత్తోని చూస్తది. రంగొక్కటి నేను జెప్త. ఒక వేలు నొక్కితే బంగారు రంగు, రెండు వేళ్లు నొక్కితే పాలిపోయింది, పిడికిలి పట్టుకుంటే కల్తీ. ఒట్టు పెట్టిచ్చుకున్నది. నాగేషప్పకు తెలిస్తే గద్దె మీదికెల్లి దించుతరంట."

ముందు అత్తమ్మ మీద మండిపోయింది నాకు. తర్వాత నా మీద నాకే మండింది. ఒకే ఇంట్లో ఉంటూ, పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ, కంటి పాఠం ఏడాదికి రెండుసార్లు చెప్పే దాన్ని, నాకు తెలియలేదు. తర్వాత ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, కుండ పక్కనే నిలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రం మా ఆయన్ని వేరే మాటల్లో పెట్టి, అత్తమ్మకు ముందు గద్దె మీద కూర్చున్న వాళ్ల నాయనమ్మ సంగతి అడిగాను. ఆవిడకూ శుక్లాలేనట. అప్పట్లో బడిలో పెట్టిన కంటి శిబిరంలో ఆపరేషన్ చేశారు. సీసా అడుగుల్లాంటి అద్దాలిచ్చారు. నలభై రోజులకు దుకాణానికి వచ్చేసరికి గద్దె మీద కోడలు, అంటే మా అత్తమ్మ, కూర్చుని ఉంది. "నాయనమ్మ ఇంక దుకాణానికి రాలేదు" అన్నాడు ఆయన, మామూలు విషయం చెప్పినట్టు.

అప్పుడు తెలిసింది నాకు. మసూరు ఒక సాకు. అత్తమ్మ భయం కంటి గురించి కాదు, గద్దె గురించి. ఆ గద్దె తర్వాత ఎవరికి వస్తుందో, ఆ మనిషికే, అంటే నాకే, ఆమెను ఆసుపత్రికి లాక్కుపోవాలన్న తొందర కూడా ఎక్కువగా ఉంది.

నాకు సున్నితంగా మాట్లాడటం రాదు. అందుకని మర్నాడు పొద్దున్నే, బేరాలు మొదలుకాకముందు, ఎదురు దుకాణానికి వెళ్లి గుప్పెడు పొట్టు మసూరు అడిగాను.

బసవలింగప్ప కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏనమ్మా! అలివేలమ్మ మనెగె మసూరా, ఆ ఇంటికా? సూర్యుడు ఇయ్యాల ఏ దిక్కు పొడిచిండు?"

గింజల్ని కాగితంలో కట్టించుకుని వచ్చి మా దుకాణం మెట్టు కింద, రోడ్డు మీదే నిలబడ్డాను. గడప ఎక్కలేదు, ఆచారం ఆచారమే. "అత్తమ్మా, జర ఇట్ల రాండ్రి. చెయ్యి సాపండ్రి" అన్నాను. మెట్టు మీదికి వచ్చి చెయ్యి చాపింది. పోశాను.

"ఏందిది?"

"మీరే చెప్పండ్రి."

ఆమె వేళ్లు వాటంతట అవే పనిలో పడ్డాయి. "శనగ కాదు. పెసర కాదు. ఉలవ అసలే కాదు. మధ్యల లావుంది, అంచు సన్నం…" అని ఆగిపోయింది. విసిరికొడుతుందనుకుని నేను వెనక్కి జరిగాను. విసిరికొట్టలేదు. నలభై ఏళ్లు పప్పులు చూసిన చెయ్యి అది. ఎన్నడూ ముట్టని గింజ ఒకటి వచ్చి అందులో పడితే, వదలమన్నా వదలదు.

"మసూరు గదనే?" అన్నది మెల్లగా.

"అవును."

"ఇగ తానం చెయ్యాలె నేను." ఆ మాట అంటూనే ఇంకోసారి బొటనవేలితో గింజల్ని రాసింది. ఒకటి గోటితో నొక్కింది. ముఖం చిట్లించింది. "పాత సరుకు. తడి తగిలి మళ్ల ఎండింది, తోలు ముడత పడ్డది. ఏయ్ బసవలింగప్పా! గిట్లాంటి ఖరాబు మాలు అమ్మెతందుకు సిగ్గులేదా నీకు?"

"నలభై ఏండ్లు ముట్టకుండనే నా మాలు ఖరాబంటివి. ఇయ్యాల ముట్టి అంటున్నవు, అదే సంతోషం తాయీ!" అని అటునుంచి కేక వచ్చింది.

అత్తమ్మ నవ్వింది. ఆ నవ్వు ఉండగానే చెప్పేయాలనిపించింది. ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, మీకు రంగు కనపడుతలేదు. సుంకప్ప తువ్వాల సంగతి నాకు తెలుసు."

గుప్పిట మూసుకుంది. "నాగేషుకు జెప్పినవా?"

"లేదు."

"ఆపరేషనైతే ఈ గద్దె నీదైతది. మా ఇంట్ల గట్లనే అయితది" అన్నది. "మా అత్త కండ్లద్దాలు పెట్టుకుని ఒచ్చి గిక్కడ్నే నిలబడ్డది. గిదే మెట్టు. నన్ను చూసింది. నేను లేవలే. లేవాలనే ఆలోచన గూడ రాలే నాకు, పాపపుదాన్ని. చాట నా ఒళ్లనే ఉంది. జర సేపు నిలబడి లోపటికి పోయింది. పన్నెండేండ్లు బతికింది ఆమె ఆ తర్వాత."

"నాకొద్దు మీ గద్దె. నాకు పప్పు చూసుడే రాదు" అన్నాను.

అంతే, కస్సున లేచింది. "వద్దంటవా? నా తర్వాత ఎవరు జూస్తరు మరి, నీ లాటినోళ్లొచ్చి జూస్తరా?"

నాకూ కోపం నషాళానికి ఎక్కింది. "కావాలంటే ఏడుస్తిరి, వద్దంటే తిడితిరి! వినండ్రి. మీరు మళ్ల ఒచ్చేదాక ఆ గద్దె మీద చాట ఒక్కటే ఉంటది. నేను కూర్చోను, మీ కొడుకును కూర్చోనియ్య. ఒచ్చినంక మీరు నేర్పితే నేర్చుకుంట, నేర్పకుంటే మీ ఇష్టం!"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. అత్తమ్మ గుప్పిట తెరిచి, ఒక్క గింజను రెండు వేళ్ల మధ్య తీసుకుంది.

"కంట్ల ఉండేది గింతేనా?"

"మనది జర పెద్దగుంటది. కొత్తగ పెట్టేది సుమారుగ గింతే."

"రంగు?"

"ఏ రంగుండదు. సాఫ్ అద్దం."

"నాదిప్పుడెట్లుంది?"

"పాతబడి పసుపుకు తిరిగింది. మొత్తం మబ్బు పట్టింది."

తల ఊపింది, సంచి సరుకు గురించి విన్నట్టే. "ఎవల సంచిల ఖరాబు గింజున్నా ఏరి అవుతల పడేసిన. నా కంట్లదే దాచి పెట్టుకుంటిని" అన్నది. మసూరు గింజల్ని జాగ్రత్తగా కాగితంలో పోసి నా చేతికిచ్చి, "వాపస్ ఇయ్యి ఆనికి" అన్నది. రెండడుగులు లోపలికి వేసి వెనక్కి తిరిగింది. "డాక్టరమ్మ తాన్కి ఎప్పుడు పోదాం?"

నాలుగో తారీఖున ఆపరేషన్ అయింది. నేను చెప్పినమాట విని బయటే కూర్చున్నాను. పిలిచాక లోపలికి వెళ్లేసరికి అత్తమ్మ కంటికి కట్టుతో, వీర లెవెల్లో డాక్టరమ్మతో వాదన పెట్టుకుని ఉంది.

"తీసిన గింజ ఏదమ్మా? చూపెట్టండ్రి. ఎంత ఖరాబైందో నేను చూడాలె."

"అది అలా గింజగా బయటికి రాదండమ్మా. లోపలే మిషన్‌తో ముక్కలు చేసి పీల్చేస్తాం."

"అంటే మిల్లుల పప్పు పట్టినట్టు!"

డాక్టరమ్మ ఒక క్షణం ఆలోచించి, "అంతేనండీ. దాన్ని ఫేకో అంటాం" అన్నారు.

"ఫేకో అంటే ఏంది?"

డాక్టరమ్మ నా వైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు ఉంది. నాకు తెలుసు. గ్రీకులో ఫాకోస్ అంటే ఏమిటో నాకు చాలా బాగా తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది. పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాను. "నాకు తెల్వదత్తమ్మా" అన్నాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

దుమ్ములోకి నెల రోజులు పోకూడదన్నారు. ఆ నెలంతా గద్దె మీద చాట ఒక్కటే ఉంది. నాగేష్ నమ్మకమైన పాత మిల్లు సరుకు మాత్రమే తెప్పించాడు. ఒకరోజు ఎవరో పెద్దమనిషి ఎండకు వచ్చి దాని మీద కూర్చోబోతే నేను అరిచిన అరుపుకు బసవలింగప్ప రోడ్డు దాటి వచ్చాడు, దొంగలు పడ్డారేమోనని.

అత్తమ్మ తిరిగి వచ్చిన రోజు మూడు రకాల సరుకు తెప్పించాం. మెట్టు దగ్గర ఆగి చూసింది. చాట ఉంది, ఎవరూ లేరు. కొంగుతో ఎడమకన్ను తుడుచుకుంది. కుడికన్ను ముట్టొద్దని డాక్టర్ చెప్పారుగా, ఆ కన్ను అలాగే కారుతుంటే వదిలేసింది. వచ్చి కూర్చుంది.

సుంకప్ప పప్పు పోసి, అలవాటు కొద్దీ తువ్వాలు పరిచాడు. అత్తమ్మ దాన్ని తీసి, మడిచి, వాడి భుజం మీద వేసింది. పప్పు వంక చూసింది. "ఇంత పచ్చగుంటదా కందిపప్పు! మరిచే పోయిన." తర్వాత తలెత్తి సుంకప్ప ముఖం చూసింది. "ఏందిరా, నీ మీసాలెప్పుడు తెల్లగైనయి?"

"ఎప్పుడో ఐనయి, సావుకారమ్మా."

మొదటిది దించమన్నది. రెండోది దించమన్నది. మూడోదాన్ని రెండుసార్లు చూసి, "వాపస్" అన్నది. సుంకప్ప తల గోక్కున్నాడు. "నేనైతే దీనికి ఒక్క వేలే నొక్కుతుంటి" అని ఒప్పుకున్నాడు. దసరా నుంచి ఎన్ని సంచులు ఒక్క వేలితో దిగాయో ఎవరూ అడగలేదు.

అప్పుడు అత్తమ్మ గద్దె మీద పక్కకు జరిగి, ఖాళీ అయిన జానెడు చోటును చేత్తో తట్టింది. "రా."

ఆ గద్దె ఒక్కరి కోసం చేసింది. ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. "కండ్లు మూసుకో" అని నా అరచేతిలో పప్పు పోసింది. "రంగు తర్వాత. ముందుగాల చేతికి తెల్వాలె." నేను మూసుకున్నాను. ఆమె వేళ్లు నా వేళ్లను పప్పులో తిప్పుతున్నాయి. నాకేమీ తెలియలేదు, పప్పు పప్పులాగే ఉంది.

"ఆ దినం ఫేకో అంటే తెల్వదంటివి" అన్నది చెవి దగ్గర. "కంటికే కట్టు కట్టిన్రు, చెవులకు కాదు. నీకు తెల్వనిదుంటదా? జెప్పు."

"వద్దత్తమ్మా."

"జెప్పు."

"గ్రీకుల… మసూరే."

భయపడి ఒక కన్ను తెరిచాను. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, గద్దె ఊగుతోంది, నా చేతిలో పప్పు రాలిపోతోంది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. అప్పుడే ఎవరో పల్లెటూరాయన సంచి పట్టుకుని మెట్టెక్కి, "అమ్మా, మసూరున్నదా?" అని అడిగాడు.

అత్తమ్మ కళ్లు తుడుచుకుని, ఎదురు దుకాణం వైపు చెయ్యి చూపించింది.

"మా కండ్లల్ల ఉన్నది గని, దుకాణంల లేదు నాయినా. అటు పో."